సుబేదారు గారి కుడికన్ను

నిన్న మధ్యాహ్నం ఒకాయన పైపు కొనడానికి మా కొట్టుకి వచ్చాడు. ప్లాస్టిక్ పైపును రెండు చేతులతో పైకెత్తి, ఎడమకన్ను మూసి, కుడికంటితో అందులోంచి స్టేషన్ రోడ్డు వైపు చూశాడు. లోపల సాలీడు గూడు కట్టిందేమోనని చూసి ఉంటాడు. మేకుల పొట్లం కడుతున్నదాన్ని అది అలాగే పట్టుకుని నిలబడిపోయాను. "ఏటమ్మా, పైపు బాగోలేదేటి?" అని ఆయనే కంగారుపడ్డాడు. బాగానే ఉందని చెప్పి పంపించాను. తర్వాత చాలాసేపు పని మీద ధ్యాస నిలవలేదు.

పైపులోంచి అలా చూసే మనిషి నాకు ఒక్కరే తెలుసు. ఆయన పోయి ఏడాది దాటింది. అందరూ ఆయన్ని సుబేదారు గారనేవారు, వాళ్లావిడ తప్ప. ఆవిడ "ఇదిగో" అనేది. పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు కాబట్టి ఇక్కడ నేనూ పేరు పెట్టను.

ఆమదాలవలసలో మాది ఇనప సామాన్ల కొట్టు. నాన్న పెట్టాడు, నాన్న తర్వాత నేను కూర్చున్నాను. ఆడమనిషి ఇనప కొట్లో కూర్చుంటే బేరాలు రావని మా బంధువులు బెంగపడ్డారు. బేరాలు వచ్చాయి, ఆ బంధువులే రావడం మానేశారు. సుబేదారు గారు నాగావళి అవతలి పల్లె నుంచి సైకిల్ మీద వచ్చేవారు. మిలట్రీలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి తుపాకి పట్టుకోవడం, గురి చూడటం నేర్పే పని చేసి పింఛనుతో ఇంటికి చేరిన మనిషి. కాస్త పొలం ఉంది, కౌలుకిచ్చారు. ఇక రోజంతా ఏం చేయాలో తోచక మా కొట్టు మీద పడ్డారని నేను ఎగతాళి చేసేదాన్ని.

స్టూలు వేస్తే కూర్చునేవారు కాదు. గల్లాపెట్టె పక్కన నిటారుగా నిలబడి, చేతికందిన పైపునల్లా ఎత్తి కన్ను పెట్టేవారు. కాసేపు చూసి, "ఇది వొంకర" అని పక్కన పెట్టేవారు. పైపు కొందామని వచ్చినవాడు అది విని ఇంకోటి చూపించమనేవాడు. సుబేదారు గారు అదీ చూసి, "ఇదీ వొంకరే" అనేవారు. బేరం పోయేది.

"సుబేదారు గారూ, అవి నీళ్లు పోవడానికండీ, గుళ్లు పోవడానికి కాదు" అన్నానొకసారి, ఒళ్లు మండి.

"నీల్లయితే మాత్రం వొంకరగా పోవాలేటి సావుకారమ్మా?" అన్నారు. ఆయన ముఖంలో వేళాకోళం లేదు, నిజంగానే అడుగుతున్నారు.

సైకిల్ హ్యాండిల్‌కి ఒక సంచీ వేలాడుతుండేది. అందులో ముక్కు పొడుగాటి నూనె డబ్బా ఒకటి. ఎక్కడ తలుపు కిర్రుమన్నా ఆగిపోయి బందుల్లో చుక్క వేసేవారు. బ్యాంకు గేటు, రైల్వే స్టేషన్లో వెయిటింగు రూము తలుపు, ఆఖరికి ఎవరింట్లోనో పరామర్శకి వెళ్లి వాళ్ల వీధి తలుపు కూడా. ఆ ఇంటివాళ్లు ఏడుస్తూనే ఆగి చూశారట. "ఇనుముకి మొగమాటం నేదమ్మా. ఒక్కరోజు సూడకపోతే ఒక్కరోజు తుప్పు. అంతే లెక్క" అనేవారు. ఈ మాట ఆయన నోట నేను విన్నన్నిసార్లు మా నాన్న నోట నా పేరు కూడా విని ఉండను.

ఇంకో మాట కూడా ఉండేది. మిలట్రీ తనకిచ్చినవి రెండేనట, పింఛనూ కుడికన్నూ. కుడికన్ను అంటున్నప్పుడు మీసం కొంచెం పైకి లేచేది. ఆయన రెజిమెంటులో గురికాళ్లకిచ్చే బ్యాడ్జీ ఆయనకి చాలా ఏళ్లు ఉందట. టీకొట్టు దగ్గర ఆ కబుర్లు మొదలెడితే జనం ఒక్కొక్కరే టీ గ్లాసులు పట్టుకుని పక్క బెంచీకి జరిగేవారు. గొప్పలు చెప్పుకునే మనిషే, అందులో దాపరికం లేదు. కానీ ఆయన గొప్పలో ఎదుటివాడిని తక్కువచేయడం ఉండేది కాదు. అందుకే వేళాకోళం చేసినా ఎవరికీ ఆయనంటే చేదు లేదు.

ఒకరోజు పొద్దున్న రైలు దిగి తిన్నగా మా కొట్టుకొచ్చారు. భుజాన గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట. గల్లాపెట్టె మీద పరిచి విప్పారు. నల్లగా గడ్డకట్టిన గ్రీజు, దాని మీద దుమ్ము, దుమ్ము కింద తుప్పు పొక్కులు. చెక్క నిండా సొట్టలు, దాని వెడల్పాటి చివర ఒక పగులు, పక్కన తెల్లరంగుతో ఎవరో వేసిన నంబరు.

"ఇదేంటండీ, రోకలిబండా?" అన్నాను.

"రైఫిలమ్మా. పాయింట్ టూటూ" అన్నారు. ఆ గొంతు నాకు కొత్త. మనవరాలిని ఎత్తుకున్నవాడు మాట్లాడే గొంతు.

సైన్యం వాడటం మానేసిన పాత ఆయుధాలని డిపోలో ఉంచి, మాజీ సైనికులకి వంతుల వారీగా అమ్ముతారట. ఆయన ఎప్పుడో అర్జీ పెట్టారు. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, వంతు వచ్చేదాకా కాచుకుని, ఆఖరికి ఎక్కడో ఉత్తరాదిన ఉన్న డిపోకి వెళ్లి తెచ్చుకున్నారు. తనతో వచ్చినవాళ్లంతా నిగనిగలాడే పిస్తోళ్లు ఏరుకుంటుంటే, ఈయన మూలన పడున్న కుప్పలోంచి దీన్ని లాగారట.

"మంచిది దొరకలేదా?"

"ఈ రకం మీదేనమ్మా నేను పిల్లలకి నేర్పింది. భయపడతా వొచ్చీవోరు. దీన్ని భుజానికి ఆన్సి, ఊపిరి బిగపట్టడం నేర్పీవోన్ని. ఎన్ని భుజాలు మోసినాయో దీన్ని. అలాటిదాన్ని మూలన పారీసినారు."

కిరసనాయిలు, సన్నరకం ఎమిరీ కాగితం, ఇనప పీచు, అవిసె నూనె కావాలన్నారు. అన్నీ కట్టాక అడిగాను. "ఇంట్లో చెప్పారా?"

గడ్డం గోక్కున్నారు. "ఇంకా రిపోర్టు ఇవ్వనేదు" అన్నారు.

రిపోర్టు ఎలా జరిగిందో వారం తిరక్కుండానే ఆవిడ నోటే విన్నాను. సంత రోజున వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, నుదుట రూపాయి కాసంత బొట్టు. మా కొట్టు మెట్టు మీద కూలబడి, "తల్లీ, మా ఈనకి ఆ నూనె అమ్మకు" అంది.

"అమ్మకపోతే నా కొట్టెలా నడుస్తుందమ్మా?"

"ఈ వొయిసులో సవితిని తెచ్చినాడమ్మా నా మీదికి. నాను తలకి నీల్లు కాసుకునీ గిన్నిలో దాని ఇనప ముక్కలు ఎట్టి మరగబెట్టినాడు. గిన్ని నిండా నల్లటి జిడ్డు. ఆ గిన్ని ఇంక సచ్చినా నాను ముట్టను. నిన్న ఏటి సేసినాడో తెలుసా? తడిగుడ్డ ఏసి దానికి ఇస్త్రీ సేసినాడు. తుపాకికి ఇస్త్రీ సేసీ మొగోన్ని ఎక్కడైనా సూసినావా?"

నవ్వాపుకోలేకపోయాను. తర్వాత ఆయన్నడిగితే వివరంగా చెప్పారు. చెక్క మీద సొట్ట ఉంటే తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క ఉబ్బి సొట్ట పైకి లేస్తుందట. నిజమే కావచ్చు. కానీ ఊళ్లో మాత్రం ఆ ఇంటి అరుగు ముందు జనం పోగై, "తుపాకికి పెల్లేటి సుబేదారు గారూ?" అని అడిగారు.

ఏడాదంతా అదే పని. పగులు పట్టిన చోట వడ్రంగి చేత కొత్త చెక్క అతికించారు. కొత్త చెక్క తెల్లగా, పాత చెక్క ముదురుగా కనబడుతోందని ఒక వారం అన్నం సయించలేదు. చివరికి చిక్కటి టీ డికాక్షన్ పూసి పూసి రంగు కలిపారు. "మాకు పాలల్లో కూడా ఏసుకోడానికి నేకుండా టీపొడి దానికే పోసీసినాడు" అని ఆవిడ ఇంకోసారి వచ్చి చెప్పింది. అవిసె నూనె అరచేత్తో రుద్దాలట, గుడ్డతో కాదు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, చెక్క వేడెక్కేదాకా రుద్దేవారు. గొట్టంలో తాడుకి గుడ్డముక్క కట్టి ఈ చివర నుంచి ఆ చివరకి లాగి, వెలుతురు వైపు పెట్టి, కన్ను ఆనించి చూసేవారు. లోపల అద్దంలా మెరిసేదాకా వదల్లేదు. ఆవిడ అరుగు వైపు రావడమే మానేసింది. పెరటి గుమ్మంలోంచి రాకపోకలు.

మధ్యలో ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి కదా. గ్రీజు పూసి, పాత పంచెలో చుట్టి ఇచ్చి వచ్చారు. ఇక వారం వారం స్టేషన్‌కి ప్రయాణం, ఆస్పత్రిలో ఉన్న చుట్టాన్ని చూడ్డానికి వెళ్లినట్టు. అక్కడి హెడ్డు కానిస్టేబులు మంచివాడు కాబట్టి సరిపోయింది, తుడుచుకోనిచ్చేవాడు. "మీ అమ్మాయిని మేం బాగానే సూసుకుంటన్నాం గాని, మీరు ఇంటికెల్లండి" అనేవాడట. పోలీసు గది గోడకి చెమ్మ ఉందని ఆయన బెంగ. చెమ్మ, నీళ్లు, చెమట, ఈ మూడూ ఆయనకి శత్రువులు. తడిచేత్తో ఎవరైనా తుపాకి దరిదాపుల్లోకి వస్తే ఆయన గొంతు పెరేడు గ్రౌండులో మాదిరి లేచేది. పక్కింటి పెద్దాయన ఒకసారి మంచినీళ్లు తాగిన చేత్తో ముట్టుకుంటే మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

తుపాకి తయారైంది. ఒకరోజు నాకు చూపించారు. నిజం చెప్పొద్దూ, నాకు తుపాకులంటే ఇష్టం లేదు. అయినా ఆ చెక్క ముదురు తేనె రంగులో మెరుస్తుంటే, ఆ ఇనుము నల్లగా నునుపుగా ఉంటే, చేత్తో తాకాలనిపించింది. చేతులు కట్టుకుని చూశాను, తిట్లెందుకని.

ఆయన కోరిక ఒక్కటే. విజయనగరం పక్కన కొండ కింద పోలీసుల ఫైరింగు రేంజిలో ఏటా మాజీ సైనికులకి ఒక పోటీ పెడతారు. అందులో ఈ తుపాకితో కొట్టాలి. మూలన పారేసినది సూటిగా పేలుతుందని పదిమంది ముందు చూపించాలి. టీకొట్టులో అందరికీ చెప్పేశారు. అయితే ఈలోగా కుడికంటికి శుక్లం వచ్చింది. పేలడానికి తుపాకి సిద్ధంగా ఉంటే, చూడ్డానికి కన్ను లేదు. ఆ దిగులు ఆయన ముఖం మీద మొదటిసారి చూశాను. పైపు ఎత్తి కన్ను పెట్టి, ఏమీ అనకుండా దించేశారు. దసరాల ముందు విశాఖపట్నం వెళ్లి ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ చూపించుకోవాలని అక్కడే చెల్లెలింట్లో ఉండిపోయారు. ఇంటికి చేరేసరికి దీపావళి దగ్గరకొచ్చింది.

ఆయన వచ్చే రోజు పొద్దున్న ఆవిడ మా కొట్టుకొచ్చింది. ఇంత ముఖం చేసుకుని ఉంది. కంటి కట్టు విప్పారట, కుడికన్ను బ్రహ్మాండంగా కనిపిస్తోందట, గోడ మీది బల్లి కాళ్లు లెక్కపెట్టారట.

"అమ్మోరు దయమ్మా. దసరాకి నాను మొక్కినాను. సవితికి కూడా బొట్టెట్టినాను" అంది.

"ఏ సవితి?"

"అదేనమ్మా. ట్రంకు పెట్టి తాలం నా కాడే ఉంది కదా. ఆయుదపూజ రోజున తీసినాను. అందరూ నాగళ్లకీ ట్రాక్టర్లకీ సేస్తన్నారు, మన ఇంట్లో ఉన్న ఆయుదం అదే కదేటి. సుబ్బరంగా తలంటు పోసినట్టు పోసినాను. పసుపు రాసినాను, కుంకం ఎట్టినాను, గొట్టం పైకెట్టి గోడకి నిలబెట్టి కొబ్బరికాయ కొట్టి ఆ నీల్లు దాని నోట్లోనే పోసినాను. బంతిపూల దండ ఏసి హారతి ఇచ్చి, నా మొగుడి కన్ను నాకిచ్చీయి, ఇంక నిన్నేటీ అనను అని మొక్కినాను. మల్లీ సీర గుడ్డలో సుట్టి పెట్టిలో ఎట్టీసినాను. ఎంత అందంగా ఉందో తెలుసా ఆ రోజు."

ఏడాది పాటు ఆయనకి నూనె అమ్మి, ఆయన పాఠాలు విన్నదాన్ని. ఆ దసరాలకి ఎడతెగని ముసురు కూడా. పసుపు నీళ్లు, కొబ్బరినీళ్లు, మూత వేసిన పెట్టె. ఏడాదిగా అరుగు వైపు రాని మనిషి, మొదటిసారి ఆ తుపాకిని తన ఇంటి వస్తువుగా ఒప్పుకుంది. మంచిపని చేశారన్నాను.

మర్నాడు ఆయన వచ్చారు. పైపుల వైపు చూడలేదు. మొదటిసారి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఇనప పీచు ఇమ్మా. ఉన్నవాటిలో సన్నది" అన్నారు.

ఇచ్చాను. కాసేపు దాన్ని వేళ్ల మధ్య తిప్పి అన్నారు. "లోపలంతా తినీసింది సావుకారమ్మా. మూతి కాడ మరీని. పైపైది పోతాది గాని, గుంటలు పడిపోనాయి. ఇంక సూటిగా ఎల్లదు. గొట్టం మార్చడానికి ఆ రకం గొట్టాలు ఎక్కడా నేవు."

"ఆవిడతో..."

"ఆవిడికి సెప్పకు." గట్టిగా అన్నారు. మళ్లీ నెమ్మదించి, "గుమ్మంలోకి ఎదురొచ్చి అదే ముందు సెప్పిందమ్మా. నీ తుపాకికి నానే బొట్టెట్టినాను అని. పెల్లయిన కాడ్నించి దాని మొగం అలా ఎలగడం నేను సూడనేదు. ఇప్పుడేటని సెప్పాల? నా కన్ను కోసం మొక్కి నా తుపాకి సంపీసినావని సెప్పాలేటి?"

"పోటీకి వెళ్లకండి మరి."

"ఊరంతా సెప్పీసినాను కదా. ఎల్లకపోతే ఎందుకని అడుగుతాది. అది కూడా వొస్తాదట, పులిహోర సేసుకుని." లేచి నిలబడ్డారు, మామూలుగానే నిటారుగా. "సూద్దాం" అన్నారు.

తడిచేత్తో ముట్టుకున్న పక్కింటాయనతో మూడు రోజులు మాట్లాడని మనిషి ఈయనేనా అనుకున్నాను.

పోటీ రోజున నేనూ వెళ్లాను. విజయనగరంలో సరుకు కొనే పని ఉందని ఇంట్లో చెప్పాను గాని, పని అదొక్కటే కాదు. పాసింజరు రైల్లో ఆయన కిటికీ పక్కన, తుపాకి ఆయన మోకాళ్ల మధ్య, ఆవిడ ఒళ్లో పులిహోర డబ్బా. దారి పొడుగునా ఆవిడ ఎదుటి సీటు వాళ్లకి ఆయన గురి గురించి చెబుతూనే ఉంది. అన్నాళ్లూ ఆయన చెప్పి ఎవరూ విననివన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

కొండ కింద మైదానం, వెనక షామియానా. కుర్చీల్లో మేం. ఆయన వంతు వచ్చింది. బోర్లా పడుకుని, కాళ్లు ఎడం చేసి, తుపాకి మడమ భుజానికి ఆనించి పట్టుకున్నారు. ఆ వయసులో ఆ పడుకోవడం చూస్తేనే తెలిసింది ఆయన ఒకప్పుడు ఏమిటో. అయిదు గుళ్లు. గురి అట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటి పైన, ఒకటి పక్కన, ఒకటి అంచున. మిగిలినవి అట్టకి తగల్నే లేదు. వెనక ఎవరో "అయ్యో సుబేదార్ సాబ్" అన్నారు. ఇంకెవరో నవ్వారు.

పోటీ నడిపిస్తున్న కుర్ర ఇన్‌స్పెక్టరు మంచి మనసుతో ఒక మాట అన్నాడు. "సార్, తుపాకి పాతది కదా, తేడా దానిలోనే ఉంటుంది. మా రైఫిల్ తీసుకుని ఇంకోసారి కొట్టండి."

ఆవిడ చప్పున తలెత్తింది. వేరే తుపాకితో ఆయన నడిమధ్య కొడితే అందరూ చప్పట్లు కొడతారు. ఆయన పరువు దక్కుతుంది. కానీ లోపం తుపాకిదే అని తేలుతుంది. అద్దంలా ఉన్న తుపాకి ఎప్పుడు చెడింది, ఎలా చెడింది అని టీకొట్టు నుంచి ఇంటిదాకా అందరూ అడుగుతారు. జవాబు పసుపు రాసిన చేతుల దగ్గరికి వెళుతుంది.

ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. తర్వాత ఇన్‌స్పెక్టరు ఇచ్చిన రైఫిల్ తీసుకుని మళ్లీ పడుకున్నారు. ఊపిరి బిగపట్టారు. అయిదు గుళ్లూ తాపీగా పేల్చారు.

రెండో అట్ట వచ్చింది. మధ్యలో ఉన్న వలయాల్లో ఒక్క చిల్లు లేదు. కింద, ఎడమ మూల, అట్ట అంచుకి దగ్గరగా, అయిదూ ఒకేచోట. ఒకదాన్నొకటి ఒరుసుకుని, రూపాయి కాసు పెడితే కప్పబడిపోయేటంత మేర. గురి లేనివాడికి గుళ్లు చెదిరిపోతాయి. అలా ఒకేచోట తప్పాలంటే అక్కడే గురిపెట్టి కొట్టాలి. ఇన్‌స్పెక్టరు అట్ట వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు.

"తుపాకి తప్పు కాదు బాబూ" అన్నారు సుబేదారు గారు, అందరికీ వినబడేటట్టు. "నా కన్ను పోయింది. ఆపరేసన్ అయినా రానేదు. అంతే."

ఇన్‌స్పెక్టరు ఆ అట్టని మిగతావాటి కింద పెట్టేశాడు. "సరే సార్" అన్నాడు.

తిరుగు రైల్లో ఆవిడ పులిహోర ఆయన చేతిలో పెట్టింది. "పోన్లే. కన్నే కదా, మనిసి ఉన్నాడు. అమ్మోరికి నాను పూజలో ఏటి లోటు సేసినానో" అంది.

"నువ్వేటీ లోటు సెయ్యనేదు. పూజ బాగా సేసినావు" అన్నారు ఆయన. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. గట్టిగా ఏడ్చేదాన్నేమో, పక్కన జనం ఉన్నారు.

ఆ తర్వాత ఊరు ఆయన్ని వదిలిపెట్టలేదు. "సుబేదారు గారి గురికి గోడ కూడా తగల్దు" అని టీకొట్టులో ఒక పరాచికం పుట్టింది, పోయేదాకా నిలిచింది. ఆయనే ముందు నవ్వేవారు. కుడికన్ను మాట మళ్లీ ఎత్తలేదు. కొట్లో నలుగురూ ఉన్నప్పుడు పైపు ముట్టుకోవడం మానేశారు. కన్ను పోయినవాడు పైపులోంచి ఏం చూస్తాడు మరి? జనం లేనప్పుడు మాత్రం అటూ ఇటూ చూసి, ఒకటి ఎత్తి, కన్ను పెట్టి, "వొంకర" అని గొణిగి దించేవారు. అప్పుడు నేను గల్లాపెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకునేదాన్ని. తుపాకికి నూనె మాత్రం మానలేదు. సూటిగా పోని తుపాకికి అంత సేవ ఎందుకని అడగాలనిపించింది గాని అడగలేదు. ఆయనకి ఆ తుపాకి అంటే ప్రేమ, అది పేలినా పేలకపోయినా.

ఆయన పోయాక, దినాలు అయిన కొన్నాళ్లకి, ఒక ఉదయం ఆవిడ ఆటో దిగింది. భుజాన దుప్పట్లో చుట్టిన తుపాకి. మనిషి పోతే లైసెన్సు పోయినట్టే కాబట్టి స్టేషన్లో అప్పగించమన్నారట. అప్పగించే ముందు తుడుద్దామని ఆయన కొనే నూనె అడిగింది. గల్లాపెట్టె మీదే విప్పి, కొంగుతో చేతులు పొడిగా తుడుచుకుని, నూనె అద్ది రుద్దడం మొదలెట్టింది. అచ్చం ఆయనలాగే, అరచేత్తో.

"ఎంత బాగు చేసుకున్నారో. పాపం కన్ను సాయం చేయలేదు" అన్నాను, చెప్పొద్దన్న ఆయన మాట ప్రకారం.

ఆవిడ రుద్దడం ఆపలేదు. "కన్నుకేటయిందమ్మా, బంగారం లాటి కన్ను. పోటీ నుంచి వొచ్చిన సాయింత్రం, నా రవిక గుండీ తెగిపోతే సూదిలోకి దారం ఎక్కలేదు నాకు. ఇటియ్యి అని లాక్కుని, ఎడంకన్ను మూసి, ఒక్క పోటుకి ఎక్కించి ఇచ్చీసినాడు. అద్దాలు నేవు, ఏవీ నేవు. ఇచ్చీసి అరుగు మీదికి ఎల్లిపోనాడు. నాను సూది అట్టుకుని అలాగే కూకుండిపోనాను."

నూనె డబ్బా ఆవిడ చేతికి దగ్గరగా జరిపాను.

"కన్ను బాగుంటే మరి తప్పిందేటి? ఆ మర్నాడు అతను బయటికి ఎల్లినప్పుడు పెట్టి తీసినాను. మూతి మీద ఏలెట్టి రాస్తే గరగరలాడింది. అందులో నీల్లు పోసింది నాను కాదేటి. మల్లీ దసరాకి, ఇదిగో, ఈ చెక్క మీద ఒక్క పొడిబొట్టు ఎట్టి ఊరుకున్నాను. అతను సూసినాడు. ఏటీ అననేదు. నానూ అననేదు."

"తెలిసిందని ఆయనతో ఒక్కమాట అనకపోయారా? ఊరంతా నవ్వుతుంటే పడ్డారు కదమ్మా అన్నాళ్లూ."

ఆవిడ తుపాకిని మళ్లీ దుప్పట్లో చుట్టింది. ముడి వేసి, గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

"అంతమందిలో తల దించుకుని నాకు ఇచ్చినాడమ్మా అది. నాకు తెలిసిపోనాదంటే అతను దించుకున్న తల ఊరికే పోద్ది కదేటి. ఇచ్చింది తీసుకోవాల. తిరిగి ఇచ్చీకూడదు."

తుపాకి భుజాన వేసుకుని, ఆటో కూడా ఎక్కకుండా, పోలీస్ స్టేషన్ వైపు నడిచి వెళ్లింది.